బురుజు కాదు, బట్టీ

కొత్త పెయింటు వాసన ఇంకా పోలేదు. గోడ మీద చెయ్యి పెట్టి చూస్తే నున్నగా, చల్లగా, ప్లాస్టిక్ బకెట్‌ను ముట్టుకున్నట్టు ఉంది. పైన అంచు చుట్టూ కోటకు ఉన్నట్టు పళ్ళు కట్టారు. ఒళ్ళంతా పసుపు రంగు పూసి, నడుముకు ఎర్రటి పట్టీ గీశారు. ముందు నల్లటి రాతి పలక బిగించి, బంగారు అక్షరాలతో ‘పురాతన బురుజు’ అని, దాని కింద ఎవరెవరు వచ్చి రిబ్బను కత్తిరించారో వాళ్ళ పేర్లు చెక్కించారు. చిరాగ్‌పల్లి దాటి మా ఊరికి మళ్ళే మలుపులో ఉన్న ఈ కట్టడం మీద నుంచి ఏ సైనికుడూ ఏ శత్రువునూ చూడలేదు. దీన్ని కాపలా కాసింది మా నాయినమ్మ. కాసింది లోపలున్న రాయిని.

ఇది సున్నపు బట్టీ. నా చిన్నప్పుడు వానలు వెనకబట్టి వాగు సన్నబడ్డాక, న్యాల్‌కల్ వైపు నల్లరేగడి చేలల్లో నాగలికి తగిలే తెల్లటి ముద్దరాళ్ళను ఆడవాళ్ళు గంపలకెత్తి తెచ్చి ఇక్కడ కుప్ప పోసేవారు. తాత బట్టీలోకి దిగి ఒక వరస కట్టెలు, పిడకలు, ఒక వరస రాయి, మళ్ళీ కట్టెలు, మళ్ళీ రాయి పేర్చుకుంటూ, నెమ్మదిగా పైకి లేస్తూ, చివరికి అంచు మీద తల కనిపించేసరికి మేము పిల్లలం చప్పట్లు కొట్టేవాళ్ళం. పేర్చడం తాత పని, కాల్చడం నాయినమ్మది. మూడు రోజులు ఆమె బట్టీ దగ్గరే జొన్నరొట్టె, పచ్చిమిరపకాయ తొక్కు తింటూ పొగనే చూసేది. పొగ నల్లగా ఉన్నంతసేపు రాయి పచ్చిదే. అది పలచబడి, నీలంగా మారి, చివరికి ఎండలో నీటి ఆవిరిలా వణికితే రాయి కాలినట్టు. తాత తొందరపడి “అయిందేమోనే” అంటే “నీకు ఆకలైతున్నది గని, బట్టి ఇంక కాలలే” అని తిప్పికొట్టేది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు పడీపడీ నవ్వేవారు.

బట్టీ అడుగున మోకాలెత్తు నోరు ఒకటి ఉండేది. నాయినమ్మ మమ్మల్ని అన్నింటికీ రానిచ్చేది కానీ ఆ నోటికి అడ్డంగా కూర్చోనిచ్చేది కాదు. “గాలి మింగేది గీ నోరే బిడ్డా. ఇది మూస్తే నిప్పు సస్తది. వానకాలం నీళ్ళు గూడ గీడికెల్లే పోవాలె” అని చెప్పేది. బట్టీ చల్లారి సున్నం తీసేశాక ఆ నోట్లోంచే మేము లోపలికి పాకేవాళ్ళం. ఏళ్ళ తరబడి మంట తగిలి లోపలి గోడ కరిగి, ఆకుపచ్చ గాజులా తేలి ఉండేది. పైనుంచి ఎండ పడితే, చెరుకు రసం నిండిన గ్లాసులో నిలబడినట్టు ఉండేది. రాలిన పచ్చ పెంకు దొరికితే అది తొక్కుడుబిళ్ళ ఆటలో రాణి. అరుగు మీద గీకితే కూడా విరిగేది కాదు. వెచ్చటి బూడిదలో తియ్యటి కందగడ్డలు పూడ్చి, పొట్టు ఒలిచి ఊదుకుంటూ, మూతులు నల్లగా చేసుకుని తినేవాళ్ళం. నేను అప్పుడు కూడా పెద్దగా మాట్లాడేదాన్ని కాదు. కానీ ఆ గోడల మధ్య నా గొంతు నాకే పెద్దగా వినిపించేది కాబట్టి, అక్కడ మాత్రం పాడేదాన్ని.

కాలిన రాయి మీద నీళ్ళు చల్లితే అది బుస్సుమని పగిలి, ఆవిరి కక్కి, మెత్తటి పిండిగా రాలేది. దసరా ముందు గోడలకు, పీర్ల పండుగ ముందు వీధి అరుగులకు, చెరుకు రసం మడ్డి తేర్చడానికి బెల్లం వండేవాళ్ళకు, శొంఠి చేసేవాళ్ళకు, తమలపాకులు వేసుకునే ముసలమ్మలకు, అందరికీ ఇక్కడి సున్నమే. సున్నం తీసుకుపోయినవాళ్ళు పండుగనాడు మలీద ముద్దలు పంపేవారు. నెయ్యి, సజ్జ, బెల్లం కలిసిన ఆ వాసనలో కూడా నాయినమ్మ చేతుల సున్నం ఘాటు ఉండేది. ఆ చేతుల్ని సున్నమే తినేసింది. ఇప్పుడు రేషన్ దుకాణంలో మిషన్ మీద ఆమె వేలు పెడితే ముద్ర పడదు. “ఇంకో వేలు పెట్టు, ఇంకోటి పెట్టు” అని పదీ పెట్టిస్తారు. “గీతలన్నీ బట్టిల ఏసొచ్చిన సారూ” అంటుంది. లైన్‌లో వాళ్ళు నవ్వుతారు. నేను నవ్వలేను.

సంచుల్లో పొడి సున్నం, డబ్బాల్లో రంగులు వచ్చాక బట్టీ ఆగిపోయింది. తాత పోయాడు. మేకలు నీడకు చేరేవి. పోయిన ఏడాది పాత కట్టడాల లెక్క రాసుకోవడానికి టేపు, కెమెరా పట్టుకుని సర్కారు తరఫున ఒకాయన వచ్చి, మలుపులోని చాయ్ హోటల్ దగ్గర “ఇదేంటి?” అని అడిగాడు. హోటలాయన చాయ్ వడగడుతూ “గుండ్రంగున్నది గద సార్, బురుజే అయి ఉంటది” అన్నాడు. పాల గిన్నె పట్టుకుని నేను రెండడుగుల దూరంలో నిలబడి ఉన్నాను. కొత్త మనిషిని చూసి, తల వంచుకుని గిన్నెతో పక్కనుంచి వెళ్ళిపోయాను. ఇంటికి వచ్చి డైరీలో నాలుగు పేజీలు రాశాను, బట్టీ అని, నోరు అని, పచ్చ గాజు అని. డైరీకి చెప్పి ఏం లాభం? నాకున్న కోపంలో సగం ఆ పాల గిన్నె పట్టుకుని నిలబడ్డ నామీదే.

మిగతా సగం ఈ పని చేసినవాళ్ళ మీద. లోపలి పచ్చ గోడను మురికి అనుకుని ఉలులతో గీకి, సిమెంటు పూశారు. బురుజుకు కింద నోరెందుకని ఇటుకలతో మూసి, సరిగ్గా దాని మీదే పలక బిగించారు. వంద అడుగుల దూరంలో ఇల్లున్న ముసలామెను ఒక్క మాట అడగలేదు.

మొన్న వానలు పడ్డాక నాయినమ్మ చూస్తానంటే తీసుకొచ్చాను. “ఏం రాసిన్రు చదువు” అంది. చదివాను. “బురుజా? ఎవని బురుజే?” అని గోడను అరచేత్తో తట్టి, చెవి ఆనించింది. “లోపట నీళ్ళు నిల్సినయ్. చూడు, పక్కకు ఎట్ల ఉబ్బిందో. ఇంకో రెండు వానలు పడితే కూలుతది.” నోరు తెరిపించమని అర్జీ రాసుకుని మండలాఫీసుకు మూడుసార్లు పోయాను. మూడుసార్లూ సారు లేరు. నాలుగో రోజు పొద్దున మబ్బు మళ్ళీ కమ్ముకుంది. ఇంట్లోంచి గడ్డపార తీసుకుని, బస్సు కోసం జనం నిలబడి ఉండగానే, పలక కింద పెట్టి ఎత్తాను.

అది పేర్లతో సహా రెండు ముక్కలైంది. హోటలాయన పరుగెత్తుకొచ్చాడు. “ఏయ్ పొల్లా! సర్కారుది అది! కేసైతది!”

“కానియ్, చిచ్చా. నా పేరు రాసుకొమ్మను. ఇది బురుజు కాదు, సున్నం బట్టి. ఆ రోజు నువ్వు చెప్పినప్పుడే నాకెరుక.” నా గొంతు, లోపల పాడినప్పటిలా, నాకే పెద్దగా వినిపించింది.

పలక వెనక ఇటుకలు ఊడగానే మోకాలెత్తు నుంచి నీళ్ళు దూకాయి, ముందు ఎర్రగా, తర్వాత తెల్లగా. పెయింటు వాసనను తోసుకుంటూ తడి సున్నం వాసన బయటికొచ్చింది. బట్టీ నిలబడుతుందేమో. నీళ్ళు తగ్గాక నాయినమ్మ వంగి, నోట్లో చెయ్యి పెట్టి, లోపలి గోడను పైకి తడుముకుంటూ పోయింది. చెయ్యి బయటికి తీసి, వేళ్ళకంటిన బూడిదరంగు సిమెంటును చూసుకుంది. “గీకేసిన్రు” అంది, అంతే.

ఆ మంటలకు ఇప్పుడు రెండే సాక్ష్యాలు మిగిలాయి. ఒకటి చిన్నప్పటి నుంచి నా పెట్టెలో దాచుకున్న పచ్చ పెంకు బిళ్ళ. రెండోది ఆమె వేళ్ళు. వాటిని ఏ మిషనూ ఒప్పుకోదు.