సింహాన్ని కోసే రోజు

ఏమర్రా, పక్కింటి కుక్క ఎలా పోయిందో మూడుసార్లు చెప్పించుకున్నారు. ఎదురింటి మార్నా గురించి ఒక్కరంటే ఒక్కరు అడిగారా? అడగరు. ఆవిడా బతికుండగా తనంతట తాను చెప్పుకునే రకం కాదు. అందుకే నేను చెబుతాను, కూర్చోండి.

మార్నా పందుల కబేళాలో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసింది, పేగులూ కార్జాలూ వేరుచేసే బల్ల దగ్గర. ఇంటికొచ్చాక నిమ్మచెక్కతో చేతులు రుద్దుకునేది. అయినా కోడలు బిర్గిట్టె పిల్లను చేతికిచ్చే ముందు ఓసారి ముక్కు ఎగబీల్చేది. కొడుకు ప్రేబెన్, తల్లి ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే, ఫ్యాక్టరీ అని ఊరుకునేవాడు. మనవరాలు సిగ్నెకు తొమ్మిదేళ్లొచ్చినా నానమ్మ ఏం పని చేసేదో తెలియదు. ఆ పిల్లకు తెలియాలన్నదొక్కటే మార్నా కోరిక. చెప్పడం ఆవిడకు చేతకాదు. చూపించాలి.

మన డెన్మార్కులో పిల్లల దగ్గర ఇలాంటివి దాచరు కదా. ఏటా అక్టోబరులో, ఒకప్పుడు దుంపలు తవ్వడానికిచ్చిన బంగాళాదుంపల సెలవుల్లో, నగరం జూలో చచ్చిపోయిన జంతువునొకదాన్ని పిల్లల ముందే కోసి లోపలేముందో చూపిస్తారు. ఆ ఏడు ముసలి ఆడసింహం. మార్నా ఆగస్టులోనే ఏర్పాట్లు మొదలుపెట్టింది. కోత పదకొండింటికి. ముందువరస దొరకాలంటే పదింటికి చేరాలి. అంటే ఎనిమిదీ నలభై బస్సు. రై రొట్టె మీద కార్జం ముద్ద తనకూ పిల్లకూ, కోడలికి జున్ను. ఫ్లాస్కులో కాఫీ. గాలికి ఎదురుగా నిలబడకూడదు. అంతా పాత కేలండరు వెనక రాసి వాళ్లింటికి పట్టుకెళ్లింది.

బిర్గిట్టె చదివి కాగితం మడిచేసింది.

"పిల్లకు పీడకలలొస్తాయత్తయ్యా. హాయిగా కోతుల్ని చూసి రండి."

"కోతుల్ని పోయినేడు చూశాం. అవెక్కడికీ పోవు."

ప్రేబెన్ కిటికీలోంచి బయటికి చూశాడు. మగవాళ్లకు కిటికీలున్నది అందుకే. చివరికి కోడలు ఒక షరతు పెట్టింది. తనూ వస్తుంది, పిల్ల ఒక్క కన్నీటిబొట్టు కార్చినా వెంటనే ఇంటికి, మళ్లీ ఈ మాట ఎత్తకూడదు. మార్నా సరేనని, కాగితం మీద తిరుగు బస్సు టైము కూడా రాసుకుంది.

ఆ రోజు సన్నగా తుంపర. జూ డాక్టరు పొట్ట చీల్చగానే వాసన లేచింది. సిగ్నె కమ్మీ పట్టుకుంది, మొహం పాలిపోయింది. బిర్గిట్టె చెయ్యి అప్పటికే పిల్ల భుజం మీద ఉంది. మార్నా సింహాన్ని చూడలేదు, పిల్ల కళ్లనే చూస్తోంది. డాక్టరు నల్లగా, పొడుగ్గా ఉన్నదొకటి పైకెత్తి ఇదేమిటో ఎవరికైనా తెలుసా అన్నాడు. పిల్ల తల తిప్పింది, తల్లి వైపు కాదు.

"నానమ్మా, ఏంటది?"

"తిల్లి, మీ పుస్తకాల్లో ప్లీహం. పందికీ ఇలాగే పొడుగ్గా ఉంటుంది. పాత రక్తాన్ని వడకడుతుంది."

"నీకెలా తెలుసు?"

"రోజుకు కొన్ని వందలు తీసేదాన్ని, ఈ చేతుల్తోనే. ముప్పై ఒక్క ఏళ్లు అదే పని."

సిగ్నె ఆ చేతుల వంక చూసింది. "మరి నాకెప్పుడూ చెప్పలేదే?"

"అడిగావా?"

పిల్ల ఏడవలేదు. గుండె బయటికొచ్చేదాకా ఒకటి తరవాత ఒకటి అడుగుతూనే ఉంది. కళ్లు తిరిగి బెంచీ మీద కూలబడింది బిర్గిట్టె. షరతులో ఆమె సంగతి లేదు కాబట్టి, మార్నా ఆమెకింత కాఫీ పోసిచ్చి ముందువరసకు వచ్చేసింది.

మరుసటి ఏడు నుంచి ఆ కాగితం సిగ్నె రాసేది. ఆరేళ్లు వెళ్లారు. పోయేనాటికి మార్నాకు డెబ్భై ఎనిమిదేళ్లు.