తూర్పు ద్వారం దగ్గర బి షిఫ్ట్

పదో తరగతితో బడి మానేశాక నా చదువంతా లైబ్రరీలోనే సాగింది. ఆటోనగర్‌లో స్పేర్ పార్ట్స్ కౌంటర్ మీద పనిచేస్తూ, సెలవు రోజుల్లో లైబ్రరీ బెంచీ మీద కూర్చుని చదివిన మూడు భాగాల జానపద నవల ఒకటి నాకు దాదాపు కంఠతా వచ్చు. ఏ కోటకి ఎన్ని ద్వారాలో, ఏ మంత్రి ఎవరి మేనల్లుడో నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. ఆ గర్వంతోనే మా ఆట మొదలుపెట్టాను. ఆ గర్వమే ఒకసారి దాన్ని ఆపేసినంత పని చేసింది కూడా.

ఆట ఇది. ఆదివారం మధ్యాహ్నం ఒక లేత్ షెడ్డులో నలుగురం బల్ల చుట్టూ కూర్చుంటాం. ఆ నవలలోని రాజ్యంలోనే కథ నడుస్తుంది. చెప్పేది నేను. మిగతా ముగ్గురూ ఆ రాజ్యంలో తలొక మనిషిని సొంతంగా పుట్టించుకుని, ఆ మనిషి ఏం చేస్తాడో చెబుతారు. చేసింది ఫలించిందా లేదా అన్నది రెండు పాచికలు తేలుస్తాయి. ఆటలో షెడ్డు యజమాని దొంగ. సీతమ్మధారలో ఒక క్లినిక్‌లో నర్సుగా చేస్తున్న చెల్లెమ్మ చర్చి అయ్యాక నేరుగా వచ్చి, మూలికల వైద్యురాలు అయిపోయేది. స్టీల్ ప్లాంటులో క్రేన్ నడిపే బావ కుంటికాలి సిపాయి.

బావ చుట్టం కాదు, స్నేహితుడు; ఒకరినొకరం బావా అనే పిలుచుకుంటాం. పెద్దగా మాట్లాడే మనిషీ కాదు. అలాంటివాడు సిపాయి గురించి నోట్‌బుక్కు సగం నింపాడు. కాలు ఎలా విరిగిందో, గుడ్డి గుర్రాన్ని ఎందుకు అమ్మడో, దానికి బెల్లం ముక్క ఎక్కడ దాస్తాడో అన్నీ రాసుకున్నాడు.

ఆదివారం బి షిఫ్ట్ పడితే, అంటే మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పది దాకా, బావ రాలేడు. అప్పుడు సిపాయిని కోట తూర్పు ద్వారానికి కాపలా పంపి, మనోడు డ్యూటీలో ఉన్నాడనుకుని ఆట సాగించేవాళ్లం.

ఒక ఆదివారం అలాగే పంపాం. ఆ రోజే కథ కోట పతనానికి వచ్చింది. నవలలో తొలికోడి కూసే వేళకి తూర్పు ద్వారం కూలుతుంది, కాపలావాళ్లలో ఒక్కరూ మిగలరు.

"అన్నయ్యా, అక్కడ ఆయన ఉన్నాడు కదా" అంది చెల్లెమ్మ.

"పుస్తకంలో అలాగే ఉంది" అన్నాను. పాచికలు కూడా వేయించలేదు.

తర్వాతి వారం బావ వచ్చాడు. సంగతి షెడ్డు యజమాని చెప్పాడు. బావ సంచీలోంచి నోట్‌బుక్కు తియ్యలేదు.

"నాను డ్యూటీలో ఉంటే నన్ను సంపీసినావా బావా?"

"నేను కాదు, పుస్తకంలో..."

"పుస్తకం నాను సదవలేదేటి? నువ్వే ఇచ్చినావు. అందులో నా సిపాయే లేడు. లేనోణ్ణి అదెలా సంపుతాది?"

షెడ్డు యజమాని నవ్వు ఆపుకుంటూ టీ పోశాడు. నాకు నవ్వు రాలేదు. బావ సంచీ భుజానికి తగిలించుకుని లేచాడు. ఇప్పుడు వెళ్తే మళ్లీ రాడని తెలుస్తూనే ఉంది.

"పోనీ, బతికించేస్తాను" అన్నాను.

"జాలికి వద్దు." గుమ్మం దగ్గర ఆగాడు. "గేటు పడిందెప్పుడు?"

"తెల్లవారుజామున."

"ఆ రోజు నాను ఏ షిఫ్ట్?"

"బి."

"బి షిఫ్టోడు రాత్రి పదికి దిగిపోతాడు. తెల్లారి గేటుకాడ నాకేటి పని? అప్పుడున్నోడు సి షిఫ్టోడు."

ఆ నవలని అన్నిసార్లు చదివాను. ఆ కోటలో కాపలా ఎప్పుడు మారుతుందో నాకు ఒక్కసారీ తోచలేదు.

"డ్యూటీ అందుకునే రిలీవర్ వచ్చాడా మరి?" అంది చెల్లెమ్మ. "రాకపోతే డబుల్ డ్యూటీయే. మాకూ అంతే."

బావ ఒప్పుకున్నాడు. రిలీవర్ రాకపోతే తానూ గేటు వదలడు. రెండు పాచికలూ కలిపి ఏడు దాటితే రిలీవర్ వచ్చినట్టని తేల్చాం. ఈసారి పాచికలు నేనే బావ చేతిలో పెట్టాను. ఐదూ మూడూ పడ్డాయి.

షెడ్డు యజమాని బల్ల మీద చరిచాడు. బావ మాత్రం పాచికల వంకే చూస్తూ ఉండిపోయాడు. తర్వాత మెల్లిగా కూర్చుని, నోట్‌బుక్కు తీసి కొత్త పేజీ తిప్పాడు.

"ఆ రిలీవర్ పేరేటి బావా? పోయినాడని ఆళ్లింటికెళ్లి నానే సెప్పాల కదా."

పుస్తకంలో లేదు. నాకు తెలియదన్నాను. ఆ మధ్యాహ్నమంతా నలుగురం కూర్చుని అతనికి ఒక పేరు వెతికాం.