రెండు మోతాదుల దగ్గర ఆగిన సీసా

దయ్యాన్ని చూసి జడుసుకున్నాను, అందుకే మొన్న కోర్టుకు రాలేదు అన్న సాక్షిని కూడా నేను క్రాస్ ఎగ్జామినేషన్‌లో వదిలిపెట్టలేదు. అలాంటివాడిని నేను. కాబట్టి ఇది నమ్మమని ఎవరినీ అడగను. జరిగింది జరిగినట్టు చెబుతాను.

పంతొమ్మిది వందల యాభైల్లో ఆత్మకూరులో ప్రాక్టీసు పెట్టాను. బీమా కంపెనీలు ఎగ్గొట్టిన కేసులు, డాక్టర్ల, కాంపౌండర్ల అజాగ్రత్త కేసులు వెతుక్కుంటూ నా దగ్గరికే వచ్చేవి. నన్ను ఆ దారి పట్టించింది రమణమ్మ కేసు.

ఆమెది వరికుంటపాడు దగ్గర పల్లె. భర్తకు జ్వరమొస్తే ఉదయగిరిలో ఒక కాంపౌండరు మందు కలిపిచ్చాడు. అది తాగిన రెండో రోజే ఆయన చనిపోయాడు. సీసా ఎత్తి ఒకేసారి తాగి ఆత్మహత్య చేసుకున్నాడు, బీమా ఇవ్వం అంది కంపెనీ. డబ్బు సంగతి ఎలా ఉన్నా, పిల్లల తండ్రి మీద ఆ మచ్చ ఉండకూడదని రమణమ్మ పట్టు. నా పట్టు కూడా అదే.

ఆ రోజుల్లో మందు సీసాకు మోతాదుల గాట్లు పెట్టిన కాగితం అంటించేవారు. ఎనిమిది మోతాదుల్లో ఆయన తాగింది మూడే, ఇంకా ఐదు మిగిలున్నాయి. కంపెనీ మాటకు అదే మా జవాబు. సీసాకు లక్క సీలు వేయించి కోర్టుకు అప్పగించాను. అక్కడి గుమాస్తా ‘మందు ఉన్న సీసా ఒకటి’ అని రాసుకున్నాడు. ఎంత ఉందో నేను రాయించలేదు. ఇతరుల అజాగ్రత్త మీద విరుచుకుపడే నేను చేసిన అజాగ్రత్త అది. తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం.

తర్వాతి వాయిదాకు సీసా బయటికి తీస్తే నాలుగు మోతాదులే ఉన్నాయి. బిరడా సందులోంచి ఆవిరైపోయిందనుకున్నాను. ఆపై వాయిదాకు మూడు. సీలు చెక్కుచెదరలేదు, మట్టం సరిగ్గా గాటు మీదే ఉంది. ఇంకో వాయిదాకు రెండు.

అవతలి వకీలు నవ్వాడు. "ఏందండీ, మీ క్లయింటు మొగుడు ఇంకా తాగతా ఉండాడా?"

మరో రెండు వాయిదాలు గడిస్తే సీసా ఖాళీ, కేసూ ఖాళీ. రమణమ్మ మాత్రం బెదరలేదు.

"తాగతానే ఉంటాడు సామీ. సీసా అయిపోయిందాకా మానొద్దని కాంపౌండరు జెప్పినాడు. చెప్పిన మాట దాటే మనిషి గాదు" అంది నాతో.

గుమాస్తా బల్ల దగ్గరికి పోయి, సీసాకేసి చూస్తూ మెల్లగా అంది.

"ఇంక తాగబాకయ్యా. అది మందు గాదు."

నలుగురిలో నాకు తలవంపులనిపించింది. ఆ ఉక్రోషంతోనే, మట్టం ఎంతుందో అప్పటికప్పుడు రాస్తేగాని కదలనని జడ్జిగారి ముందు మొండికేశాను. రాశారు. సీసాను పరీక్షకు పంపాలని అర్జీ కూడా పెట్టాను. కంపెనీ అడ్డుపడి నాలుగు వాయిదాలు లాగింది. ప్రతిసారీ ముందు సీసా చూసేవాణ్ని. రెండు మోతాదులు అలాగే ఉండేవి, వెంట్రుకవాసి తగ్గలేదు. మొదట తగ్గిందేమో చలికాలంలో. ఇవి నడి ఎండాకాలం వాయిదాలు. కలిగిరి మీదుగా బస్సులో వచ్చేసరికి రమణమ్మ ముఖం కందిపోయి ఉండేది.

చివరికి మద్రాసు నుంచి రిపోర్టు వచ్చింది. పూటకొక మోతాదు చొప్పున తాగినా మనిషి బతకడు, అంత విషం కలిసింది. ఆత్మహత్య అని కంపెనీ రుజువు చేయలేకపోయింది. తీర్పు విని రమణమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నాకూ కళ్లు తడిశాయి.

ఆ తర్వాత ఏ కేసులో సీసా కనిపించినా ముందు మట్టం రాయించేవాణ్ని. జూనియర్లు చాదస్తం అనుకునేవారు. మందు తగ్గినందుకు బిరడా మీద నెపం వేయగలను. ఆమె వద్దన్న రోజు నుంచి ఎందుకు ఆగిందో మాత్రం, ఇన్నేళ్లు వాదించినా నాకు జవాబు దొరకలేదు.