ఎదురుకాళ్ల బిడ్డ

నేను పుట్టేటప్పుడు తలకంటే ముందు కాళ్లు బయటికి వచ్చాయట. ఆ ఒక్క సుగుణానికి బోధన్ చుట్టుపక్కల చెరుకు రైతుల నడుములన్నీ నా పాలబడ్డాయి. ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లు మూడుసార్లు తొక్కితే పట్టేసిన నడుము వదులుతుందని మావాళ్ల నమ్మకం. చెరుకు మోపులెత్తి వంగిపోయినవాళ్లు పొద్దున్నే వచ్చి మా అరుగు మీద బోర్లా పడుకునేవారు. నేను వేపపుల్ల నములుతూనే తొక్కేదాన్ని. అబద్ధమెందుకు, గర్వంగానే ఉండేది.

అరవైల చివర, చక్కెర ఫ్యాక్టరీ చెరుకు ఆడే రోజుల్లో, మా నాన్నకే, బాపుకే నడుమునొప్పి వచ్చింది. నాకప్పుడు పద్దెనిమిదేళ్లు. బాపు బండి కట్టి ఫ్యాక్టరీకి చెరుకు తోలేవాడు.

"ఇంట్లనే వైద్యం వెట్టుకొని దవాఖానకెందుకే?" అని నా ముందు బోర్లా పడుకున్నాడు.

తొక్కాను. తగ్గిందన్నాడు. నన్ను సంతోషపెట్టడానికే అన్నాడని ఇప్పుడనిపిస్తుంది. మర్నాడూ తొక్కాను. అట్లా ఇరవై రోజులు తొక్కాను. నా కాలు విరిగిపోను!

నొప్పి కడుపులోకి కూడా పాకాక నేనూ, మా అమ్మ అవ్వా నిజామాబాద్ పెద్ద దవాఖానకు తీసుకుపోయాం. డాక్టరు బాపు కడుపు మీద చెయ్యి పెట్టి చాలాసేపు తీయలేదు. తర్వాత నా చెయ్యి పట్టి బొడ్డుకు పైన ఉంచాడు. లోపల బత్తాయంత గడ్డ. గుండె కొట్టుకున్నట్టు కొట్టుకుంటోంది.

నన్నొక్కదాన్నే వరండాలోకి పిలిచాడు.

"అది గుండె నుంచి కిందికి దిగే పెద్ద రక్తనాళం. సైకిల్ ట్యూబు పలచబడిన చోట ఉబ్బుతుంది చూడు, అట్లా ఉబ్బింది. ఏళ్ల తరబడి బీడీలు, బీపీ, పైగా వయసు. ఆ నడుమునొప్పి దీనిదే."

"మందులతోని తక్కువైతదా సారు?"

"కాదు. ఉబ్బినచోట తెరిచి, గుడ్డతో నేసిన గొట్టం కుట్టాలి. ఇక్కడ చేయలేం. హైదరాబాదుకు చీటీ రాసిస్తా, ఇవాళే పోండి. పగిలితే ఎవరి చేతిలోనూ ఉండదు. ఆయనకు మాత్రం చెప్పకు. భయపడితే బీపీ ఇంకా పెరుగుతుంది."

తొక్కిన సంగతి చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇకమీద తొక్కకు" అన్నాడు. నా వల్లే ఇంతదాకా వచ్చిందా అని అడగడానికి నాకు నోరు రాలేదు.

అవ్వకు కూడా చెప్పలేదు. చెబితే అక్కడే గొల్లుమనేది, బాపుకు తెలిసిపోయేది.

మిట్టమధ్యాహ్నం స్టేషన్‌లో హైదరాబాద్ రైలు కోసం కూర్చున్నాం. రైలు ఇంకా గంట ఆలస్యమన్నారు. ఉన్నట్టుండి బాపు నడుము పట్టుకొని ఒరిగిపోయాడు. ఒళ్లంతా చెమటలు.

"తొక్కు బిడ్డా, జల్ది తొక్కు. పాణం పోతున్నది."

"వద్దు బాపు."

"గదేందే! ఊరందరికి తొక్కినవ్, బాపుకు తొక్కవా?" అంటూ అవ్వ నా మడమ పట్టి లాగింది.

విదిలించుకున్నాను. ఆ ఊపుకు అవ్వ వెనక్కి పడింది. చుట్టూ చేరిన జనం తలా ఒక మాట అన్నారు. పొగరుబోతు పిల్ల అన్నాడు ఒకాయన. మీ నోట్లో మన్ను పడ, రిక్షా పిలవండయ్యా అని గొంతు చించుకున్నాను.

రిక్షాలో బాపు తల నా ఒళ్లో పెట్టుకున్నాను. మొహం సున్నం కొట్టినట్టు తెల్లబడింది. కడుపు గట్టిగా బిగుసుకుపోయింది. కళ్లు తెరిచి నన్నే చూశాడు.

"నా మీద అలిగినవా బిడ్డా?"

"లేదు బాపు" అన్నాను. "లేదు బాపు, డాక్టరు వద్దన్నడు. లేదు బాపు" అని దవాఖాన గేటు దాకా అంటూనే ఉన్నాను. అవ్వ తన అరచేత్తో నా నోరు మూసింది.

"ఇంక ఎవలకు చెప్తున్నవే" అన్నది.