సాయిలు చేసిన ఫోను

2024లో నేను కొండాపూర్‌లోని ఒక లిఫ్టుల మెయింటెనెన్స్ కంపెనీలో సర్వీస్ మేనేజర్‌ని. మాది లిఫ్టులు తయారుచేసే కంపెనీ కాదు. ఎవరో బిగించిన లిఫ్టులను నెలనెలా చూసి, చెడిపోతే బాగుచేసే కంపెనీ. ఇందుకోసం అపార్ట్‌మెంట్ అసోసియేషన్లతో ఏడాదికోసారి రాసుకునే ఒప్పందాన్ని ఏఎంసీ అంటాం. మణికొండ నుంచి లింగంపల్లి దాకా చాలా అపార్ట్‌మెంట్లు మా చేతిలో ఉండేవి. వానాకాలం వచ్చిందంటే లిఫ్టు అడుగున ఉండే గుంటల్లోకి నీళ్ళు చేరేవి, మా ఫోన్లకు ఊపిరాడేది కాదు.

ఆ ఫోన్లు అందుకునే కంప్లయింట్ డెస్క్‌ని చూసుకునేది యాదగిరి గారు. వికారాబాద్ వైపు పల్లె నుంచి వచ్చి ఇరవై ఏళ్ళు లిఫ్ట్ మెకానిక్‌గా పనిచేశారు. మోకాలు దెబ్బతిని మెట్లెక్కలేని స్థితి వచ్చాక డెస్క్‌లో కూర్చున్నారు. ఎవరైనా లిఫ్ట్ చెడిందని చెబితే రాసుకుని ఫోన్ పెట్టేసే రకం కాదు. ఏ అంతస్తులో ఆగింది, తలుపు పూర్తిగా పడుతోందా, చప్పుడు పైనుంచా కిందనుంచా అని ఒకటొకటిగా అడిగేవారు. ఒక్కోసారి ఫోన్‌ని లిఫ్ట్ తలుపు దగ్గర పెట్టమని చెప్పి, ఆ చప్పుడు విని, ఏ సామాను పట్టుకెళ్ళాలో మెకానిక్‌కి ఇక్కడి నుంచే చెప్పేవారు.

డెస్క్‌లో ఏఐ పెడదామని మా ఎండీ గారు అన్నప్పుడు, అంతా ఒక్కసారే పెట్టొద్దని పట్టుబట్టింది నేనే. మూడు మెట్లుగా ప్లాన్ రాశాను. మొదటి మెట్టులో అది ఫోన్‌లో మాటలు విని రాసిపెట్టడం వరకే. రెండో మెట్టులో ప్రతి ఫిర్యాదుకీ ఒక రంగు వేస్తుంది. ఎరుపు అంటే మనిషి వెంటనే వెళ్ళాలి, పసుపు అంటే ఆ రోజే, పచ్చ అంటే మర్నాడు వెళ్ళినా ఫరవాలేదు. రంగు అది వేసినా నిర్ణయం మాత్రం డెస్క్‌లో మనిషిదే. దీన్ని షాడో మోడ్ అంటారు. మూడో మెట్టులో ఫోన్ కూడా అదే ఎత్తుతుంది. ఎరుపు, పసుపు అయితే మనిషికి కలుపుతుంది. పచ్చ అయితే ఏ మనిషీ వినకుండానే మెకానిక్ మర్నాటి లిస్టులోకి పోతుంది. ఈ మూడోది వానలు తగ్గాకే అని ప్లాన్‌లో స్పష్టంగా పెట్టాను.

మొదటి రెండు మెట్లూ బాగా సాగాయి. రాసే పని తప్పినందుకు యాదగిరి గారే అందరికంటే ఎక్కువ సంతోషించారు. రంగులు కూడా చాలావరకు సరిగ్గానే పడుతున్నాయి. జూన్ నెలాఖరుకి నాలో తొందర మొదలైంది. ఎండీ గారు అడగలేదు, సాఫ్ట్‌వేర్ ఇచ్చినవాళ్ళూ ఒత్తిడి చేయలేదు. జూలైలో డైరెక్టర్ల ముందు ప్రెజెంటేషన్ ఉంది, అందులో మూడు మెట్లూ పూర్తయ్యాయని చెప్పాలనిపించింది. అంతే.

ఆ సంగతి చెప్పినప్పుడు యాదగిరి గారు తల అడ్డంగా ఊపారు.

"జర ఆగుదాం మేడం. పచ్చరంగు పడ్డవాటిల రోజుకు ఒకటో రెండో నేను మారుస్తనే ఉన్న."

"వందల్లో ఒకటీ రెండే కదండీ" అన్నాను.

"ఆ ఒకటీ రెండు ఎవరియో మనకు ఎర్క లేదు గద."

మనకు ఫోన్ చేసేది ఎక్కువగా వాచ్‌మన్లని ఆయన వివరించారు. లిఫ్ట్ చెడితే నువ్వే చెడగొట్టావని అసోసియేషన్ వాళ్ళు అరుస్తారని వాళ్ళకు భయం. అందుకే పెద్ద సంగతిని కూడా చిన్నగా చేసి చెబుతారు. "జర" అన్నారంటే అది కొంచెమే అని నమ్మడానికి లేదట. అలాంటి మాటలన్నీ రాసివ్వండి, సాఫ్ట్‌వేర్‌లో పెట్టిస్తానని నేను మాటిచ్చాను. వారం తిరక్కుండా ఆయన నాలుగు కాగితాల నిండా రాసిచ్చారు. వాటిని ఫోటోలు తీసి సాఫ్ట్‌వేర్ వాళ్ళకు మెయిల్ చేశాను. వాళ్ళు చూశారో లేదో మళ్ళీ అడగలేదు.

జూలై మొదటి వారంలో మూడో మెట్టు ఎక్కేశాం. డెస్క్‌లో అంతమంది అక్కర్లేదని యాదగిరి గారిని జీడిమెట్లలో ఉన్న మా విడిభాగాల గోడౌన్‌కి మార్చాను. ఆయన టిఫిన్ డబ్బా, అద్దాల పెట్టె సంచీలో సర్దుకుని వెళ్ళిపోయారు. ప్రెజెంటేషన్‌కి డైరెక్టర్లు చప్పట్లు కొట్టారు.

అది అయిన పదో రోజు పొద్దున మణికొండలోని ఒక ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ నుంచి వాచ్‌మన్ సాయిలు ఫోన్ చేశాడు. అదే రోజు సాయంత్రం అక్కడి మూడో అంతస్తులో ఉండే విజయలక్ష్మి గారు స్కూలు నుంచి ఇంటికొచ్చారు. లెక్కల టీచర్, యాభై ఐదేళ్ళ మనిషి. చేతిలో పరీక్ష పేపర్ల కట్ట. మూడో అంతస్తులో లిఫ్ట్ తలుపు తెరుచుకోగానే రోజూలాగే బయటికి అడుగు వేశారు. లిఫ్ట్ అంతస్తుకి జానెడు కిందే ఆగి ఉంది. ఎదురుగా లేచి ఉన్న గచ్చు అంచుకి కాలు తన్నుకుని బయటికి పడిపోయారు. తుంటి ఎముక విరిగింది. మా మెకానిక్ వెళ్ళి చూస్తే బ్రేక్ పూర్తిగా అరిగిపోయి ఉంది. లిఫ్ట్ ఇలా కిందకో పైకో ఆగడాన్ని మేం మిస్‌లెవెలింగ్ అంటాం. అలాంటిది చెవిన పడగానే లిఫ్ట్ ఆపించి మనిషిని పంపాలి. ఈ పని నేర్చుకునేవాళ్ళకు మొదట చెప్పే పాఠాల్లో అదొకటి.

మర్నాడు ఆఫీసులో తలుపు వేసుకుని సాయిలు ఫోన్ రికార్డింగ్ విన్నాను.

"లిఫ్ట్ నడుస్తనే ఉంది సార్. గని జర కిందికి ఆగుతున్నది. పెద్ద పరేషానేం లేదు, వీలు చూసుకొని మనిషిని పంపుండ్రి." ఫిర్యాదు నమోదైందని యంత్రం చెప్పింది. "మంచిది సార్, ఉంట మరి" అని అతను పెట్టేశాడు. పక్కన పచ్చరంగు. యాదగిరి గారి కాగితాల్లో మొదటి పేజీలోనే ఉంది ఆ మాట, "జర కిందికి ఆగుతున్నది" అని.

ఎండీ గారికి చెప్పాను. లాయర్‌తో మాట్లాడేదాకా రికార్డింగ్ సంగతి బయట పెట్టొద్దన్నారు. సరేనన్నాను. ఆ మధ్యాహ్నమే అసోసియేషన్ సెక్రటరీ ఫోన్ చేసి, లిఫ్ట్ తేడాగా ఉందని మీకు చెప్పానని మా వాచ్‌మన్ అంటున్నాడు, నిజమేనా అని అడిగారు. రికార్డింగ్ నా బల్ల మీది కంప్యూటర్‌లోనే ఉంది. "పరిశీలిస్తున్నాం అండి" అన్నాను. నా ఉద్యోగ జీవితంలో నేనన్న మాటల్లో ఒక్కటి వెనక్కి తీసుకునే వీలుంటే ఆ మాటే తీసుకుంటాను.

నాలుగో రోజు విజయలక్ష్మి గారిని చూడ్డానికి ఆసుపత్రికి వెళ్ళాను. ఆపరేషన్ అయింది. ఆవిడ నన్ను కోప్పడలేదు. ఒక్కటే అడిగారు.

"సాయిలు మీకు ఫోన్ చేశాడా అండీ?"

ఇక దాచలేకపోయాను. "చేశాడండి. ఆ పొద్దున్నే చేశాడు."

"మరి ఆ ముక్క మా వాళ్ళకి ఎందుకు చెప్పలేదండీ? అబద్ధాలాడుతున్నాడని నిన్ననే గది ఖాళీ చేయించారు. పిల్లల్ని తీసుకుని ఎక్కడికి పోయాడో."

నేను అక్కడి నుంచి తిన్నగా మణికొండ వెళ్ళి, సెక్రటరీకి రికార్డింగ్ వినిపించాను. అప్పటికే కొత్త వాచ్‌మన్ గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఆఫీసుకి వచ్చి ఎండీ గారికి చేసింది చెప్పాను, మూడో మెట్టు ఆపేయించాను. ఆయన కోపం కొన్ని నెలలు భరించాను కానీ ఉద్యోగం పోలేదు. విజయలక్ష్మి గారి వైద్యం కంపెనీయే చేయించింది. ఆవిడ ఇప్పటికీ చేతికర్ర సాయంతోనే నడుస్తారు, స్కూలు మానేశారు.

జీడిమెట్ల వెళ్ళి యాదగిరి గారిని మళ్ళీ డెస్క్‌కి రమ్మని అడిగాను. జరిగింది ఆయన అప్పటికే విన్నారు. "నేను చెప్పిన గద" అని అంటారేమోనని ఎదురుచూశాను. అనలేదు. పచ్చరంగు ఫోన్లన్నీ మనిషి వింటేనే వస్తానన్నారు. ఒప్పుకున్నాను. ఇప్పటికీ మా దగ్గర ఏఐ రెండో మెట్టు మీదే ఉంది, బాగానే పనిచేస్తోంది. దాని రంగుని మనిషి మార్చిన ప్రతిసారీ ఆ కారణం నేనే చదువుతాను. ఒక పనిని నెమ్మదిగా మార్చడమంటే మెట్లు లెక్కపెట్టుకోవడం అనుకున్నాను అప్పట్లో. ఆగమని చెప్పే మనిషిని డెస్క్ నుంచి పంపేశాక, ఎన్ని మెట్లు కట్టుకుంటే మాత్రం ఏం లాభం?

సాయిలు జాడ దొరకడానికి నెల పట్టింది. లింగంపల్లి అవతల, కడుతున్న ఒక బిల్డింగ్ దగ్గర కాపలా ఉంటున్నాడు. రేకుల షెడ్డులో కాపురం. పాత అసోసియేషన్ వాళ్ళు మళ్ళీ రమ్మంటున్నారని చెప్పాను. రానన్నాడు. తప్పు నాదని, అతని ఫోన్ రికార్డింగ్ మా దగ్గర భద్రంగా ఉండి కూడా నాలుగో రోజు దాకా నోరు విప్పలేదని చెప్పి, క్షమించమన్నాను.

"మీదేముంది మేడం" అన్నాడు తల దించుకుని. "నేనే గట్టిగ చెప్పాల్సి ఉండె. ఆ టీచరమ్మ కాలు నా వల్లనే పోయింది."

కాదని చెప్పాను. అతను సరిగ్గానే చెప్పాడని, వినాల్సినవాళ్ళం మేమే వినలేదని ఎన్ని రకాలుగా చెప్పాలో అన్ని రకాలుగా చెప్పాను. అన్నిటికీ మర్యాదగా తలూపాడు. ఒక్కటి కూడా నమ్మలేదని అతని ముఖం చూస్తేనే తెలిసింది.