సత్తిబాబు షెడ్డు కెమెరాలో నాలుగు బొమ్మలు

నేను కెమెరాలు బిగించేవాణ్ణి. మాది కనకాలపేట. యానాంలోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ పదమూడేళ్లుగా ఇదే పని. ఈ పనిలో ఉన్నవాడికి దెయ్యాల మీద నమ్మకం నిలవదు. ఎందుకంటే ఏడాదికి పదిమందైనా ఫోన్ చేసి, రాత్రిపూట కెమెరాలో తెల్లగా ఏదో తిరుగుతోందండీ అంటారు. వెళ్లి చూస్తే సాలెపురుగు. అద్దం ముందు గూడు కడుతుంది, కెమెరా లైటు దానిమీద పడి తెల్లగా మెరుస్తుంది. చీపురుపుల్లతో తీసేసి వచ్చేస్తాను. ఒకింట్లో నేను వెళ్లేసరికి గుమ్మానికి నిమ్మకాయలు కూడా కట్టేశారు. వాళ్ల ముందు నవ్వలేదు గానీ, బండెక్కాక దారంతా నవ్వుకున్నాను.

అలాంటివాణ్ణి ఇది రాస్తున్నాను. నమ్మమని అడగను. జరిగింది జరిగినట్టు చెబుతాను, అంతే.

ఫరంపేటలో సత్తిబాబు అన్నయ్య అని ఒకాయన ఉండేవాడు. నాకు చుట్టం కాదు, పిలుపు వరసే. గోదావరిలో చేపల వేటకి వెళ్లేవాడు. గట్టు పక్కన ఆయన షెడ్డు, అందులో వలలు, పడవ ఇంజన్లు. ఇల్లు మాత్రం కొబ్బరితోటకి ఇవతల. ఒకసారి షెడ్డులో ఇంజను పోయేసరికి కెమెరా పెట్టమని నన్ను పిలిచాడు. షెడ్డులో కెమెరా, ఇంట్లో రికార్డింగు పెట్టె, మధ్యలో తోట మీదుగా కేబుల్.

అక్కడే నేను తప్పు చేశాను. ఆ కేబుల్ వందమీటర్లకి మించి లాగకూడదు. నాకు నూటముప్పై పట్టింది. పైగా ఒక కేబుల్ చుట్ట సరిపోక, రెండు ముక్కలు కలిపి టేపు చుట్టాను. మధ్యలో సిగ్నల్‌ని ముందుకు తోసే చిన్న పెట్టె ఒకటి పెట్టి ఉంటే సరిపోయేది. తర్వాత పెడదాంలే అనుకున్నాను. గోదావరి గాలిలో ఉప్పు ఉంటుంది. టేపు కింద రాగి పచ్చబడిపోతుందని నాకు తెలియని విషయం కాదు.

నాకో అలవాటుంది. కెమెరా బిగించాక దాని ముందు సెకన్ల ముల్లున్న గోడగడియారం ఒకటి తగిలిస్తాను. రికార్డింగులో ఆ ముల్లు నడుస్తుంటే పని బాగున్నట్టు, గెంతుతుంటే ఎక్కడో బొమ్మలు రాలిపోతున్నట్టు. ఆ రోజు పని అయ్యాక గడియారం తీసుకుంటుంటే అన్నయ్య తియ్యనివ్వలేదు. షెడ్డులో టైము తెలుస్తుంది ఉంచరా అన్నాడు. అది స్తంభానికే ఉండిపోయింది.

నాలుగేళ్లు బాగానే నడిచింది. కిందటేడు వానలయ్యాక ఆయన ఫోన్ చేశాడు.

"ఒరే తమ్ముడూ, నీ కెమెరాలో నేను గేటు కాడుంటాను, ఎంటనే షెడ్డులో తేల్తన్నాను. నడిచే పని లేకుండా సేసేవు కదరా," అన్నాడు.

"ముల్లు గెంతుతోందా అన్నయ్యా?"

"గెంతడవా? ఒక్కో గెంతుకి సుట్ట కాల్చుకోవచ్చు."

కేబుల్ అతుకు దగ్గర పోయిందని ఫోన్లోనే అర్థమైంది. రేపొస్తానన్నాను. ఆ రేపు పదహారు రోజులైంది. మధ్యలో ఆయన మూడుసార్లు చేశాడు. మూడోసారి నేను ఫోన్ ఎత్తలేదు.

పదిహేడో రోజు సాయంత్రం అన్నయ్య పోయాడని కబురొచ్చింది. షెడ్డులో ఒక్కడే కూర్చుని వల బాగుచేసుకుంటూ పోయాడు. గుండెపోటన్నారు. పక్క షెడ్డు ఆయన బీడీకి అగ్గిపెట్టె అడుగుదామని వచ్చి చూశాడు. అప్పటికే ఒళ్లు చల్లబడిందట.

ఆయన భార్య మంగ వదిన ఆ పూట అడవిపొలం అనే ఊళ్లో అక్కగారింటికి వెళ్లింది. మూడింటికల్లా వచ్చేస్తానని చెప్పి వెళ్లింది. అక్కడ కబుర్లలో పడి అయిదు దాటాక బయల్దేరింది. ఆవిడని పట్టుకోవడం ఎవరివల్లా కాలేదు. అందరూ ఆయన పోయాడని ఏడుస్తుంటే, ఆవిడ ఒక్కమాటే పట్టుకుంది. "నన్ను పిలిచేడా? ఎంతసేపు కొట్టుకున్నాడు?" వచ్చినవాళ్లందరినీ అదే అడిగింది.

కెమెరా ఉందిగా అని ఎవరో అన్నారు. అందరిముందూ నేనే పెట్టె తెరిచాను. మూడు నలభై నుంచి మూడు నలభైతొమ్మిది దాకా, తొమ్మిది నిమిషాలకి నాలుగే బొమ్మలున్నాయి. ఒకదాంట్లో ఆయన వల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. రెండోదాంట్లో చెయ్యి గుండెల మీదుంది. మూడోదాంట్లో స్తంభానికి జారగిలబడి గేటు వైపు చూస్తున్నాడు. నాలుగోదాంట్లో పడుకుని ఉన్నాడు. ఆ తర్వాత లైను పూర్తిగా తెగిపోయింది.

ఆ నాలుగు బొమ్మల్నీ అన్నయ్య బావమరిది అడిగితే పెన్‌డ్రైవులోకి ఎక్కించాను. ఒక కాపీ నా ఫోన్‌లోనూ ఉంచుకున్నాను. నేను చెప్పిన రోజుకి వెళ్లి ఉంటే ఆ తొమ్మిది నిమిషాలూ ఆవిడకి ఉండేవి. చూడ్డానికి కష్టంగానే ఉండేవేమో, కానీ ఉండేవి.

పెద్దకార్యం అయిన మర్నాడు ఆవిడే ఫోన్ చేసింది. "ఆ కెమెరా బాగుచేసి ఎల్లు. ఆయన నీకు సెప్పిన పని," అంది. ఆ మాటలో కోపం లేదు. కోపం ఉంటే నాకు తేలికగా ఉండేది.

పొద్దున్నే వెళ్లాను. పాత కేబుల్ మొత్తం పీకేసి, కొత్తది వేసి, మధ్యలో పెట్టాల్సిన పెట్టె పెట్టాను. అతుకు విప్పితే లోపల నాలుగు తీగలు పొడిపొడిగా రాలాయి. రికార్డింగు పెట్టె డిస్కు పరీక్షించాను, బాగానే ఉంది. పావుగంట రికార్డు చేసి చూసుకున్నాను. గడియారం ముల్లు ఎక్కడా గెంతకుండా నడిచింది.

చెయ్యి కడుక్కుంటుంటే వదిన అంది, "బాగయ్యింది కదా. ఇప్పుడు ఆ రోజుది ఎయ్యి."

"వదినా, ఇవాళ బాగుచేస్తే ఇవాళ్టినుంచే బాగుంటుంది. ఆ రోజు బొమ్మలు పెట్టె దాకా రానేలేదు. రానివి ఎక్కడినుంచి తెస్తాను?"

"తెమ్మన్నానా నిన్ను? ఎయ్యమన్నాను."

వాదించే మొహం నాకు లేదు. వేశాను. ఉదయం పదకొండు కావస్తోంది. గదిలో మేమిద్దరమే ఉన్నాం. పక్కగదిలో ఆవిడ అక్కగారు బియ్యం చెరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది.

మూడు నలభై బొమ్మ వచ్చింది. అన్నయ్య వల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. నేను అలవాటు కొద్దీ గడియారం వైపు చూశాను. ముల్లు నడుస్తోంది.

తప్పు రోజు నొక్కానేమోనని తేదీ చూశాను. తేదీ అదే. అన్నయ్య చెయ్యి ఆడుతోంది. చెక్కసూది వల కన్నాల్లోంచి పోయి వస్తోంది. గాలికి షెడ్డు మూల గోనెపట్టా ఊగడం కూడా కనబడుతోంది. వదిన నా మోచెయ్యి పట్టుకుంది.

కాసేపటికి ఆయన ఆగాడు. గుండెల మీద చెయ్యి వేసుకున్నాడు. లేవబోయి లేవలేక స్తంభానికి జారగిలబడ్డాడు. గేటు వైపు చూశాడు. నోరు కదిలింది. మా కెమెరాల్లో శబ్దం రాదు. వదిన వేళ్లు నా చేతిలో దిగబడ్డాయి.

అప్పుడు గోదావరి వైపు నుంచి ఒక ముసలావిడ వచ్చింది. పరిగెత్తుకుని రాలేదు. ఇంట్లో పనిచేసుకుంటూ పిల్లాడు లేచాడని వచ్చినట్టు వచ్చింది. వెలిసిపోయిన నేతచీర, పైకి దోపిన కుచ్చిళ్లు. ఆయన పక్కన కూర్చుని తల ఒళ్లోకి తీసుకుంది. కొంగుతో మొహం తుడిచింది. ఆయన గేటు వైపు చూడ్డం మానేసి ఆవిడ మొహంలోకి చూశాడు. ఏదో చెప్పాడు, ఆవిడ తలూపింది. ఆయన చేతిలో చెక్కసూది ఇంకా ఉంది. ఆవిడ దాన్ని మెల్లిగా తీసుకుని, ఆయన వదిలినచోటు నుంచి వల అల్లడం మొదలుపెట్టింది. ఎడమచేత్తో అల్లింది. ఒళ్లో పిల్లాడు నిద్రపోతుంటే ఆడవాళ్లు పని చేసుకోరూ, అలాగే.

ఆయన చెయ్యి ఎప్పుడు జారిందో నేను చూడలేదు. చూసేసరికి నేలమీద ఉంది. ఆవిడ అల్లుతూనే ఉంది. మూడు నలభైతొమ్మిదికి బొమ్మ ఆగిపోయింది.

నాకు భయం వెయ్యలేదు. నిజం చెబుతున్నాను. గుళ్లో హారతి ఇచ్చేటప్పుడు మాట రాదే, అలా ఉండిపోయాను.

"అత్తమ్మ," అంది వదిన.

సత్తిబాబు అన్నయ్య తల్లి పోయి అప్పటికి ఎనిమిదేళ్లు. నేను ఆవిణ్ణి ఎప్పుడూ చూడలేదు. గోడమీద దండ వేసిన ఫొటో చూశాను, అంతే. అందులో మొహం తప్ప ఏముంటుంది?

మళ్లీ వేశాను. నాలుగే బొమ్మలు వచ్చాయి. మూడుసార్లు వేశాను, మూడుసార్లూ నాలుగే. ఫైలు ఎంతుందో చూశాను. తొమ్మిది నిమిషాల వీడియో అంత చోటులో పట్టడం అసాధ్యం, అది నాలుగు ఫొటోల బరువే. నేను ఇంకా ఏవో నొక్కుతుంటే వదిన నా చెయ్యి తీసేసింది. "సాలు. సూసేను కదా," అంది.

తర్వాత లేచి తోటలోంచి షెడ్డుకి నడిచింది. నేను వెనకే వెళ్లాను. వాళ్లిళ్లల్లో పోయినవాడు సగంలో వదిలిన వలని పెద్దకార్యం దాకా ఎవరూ ముట్టుకోరట. ఆ వల అలాగే స్తంభం దగ్గర కుప్పగా ఉంది. వదిన దాన్ని విప్పి ముళ్లు ఒక్కొక్కటే వేలితో తడుముతూ పోయింది. ఒకచోట ఆగింది.

"ఇక్కడిదాకా ఆయన," అంది. "ఇక్కణ్ణించి ముడి ఎనక్కి తిరిగింది సూడు. అత్తమ్మది ఎడంసేతి వాటం. ఆవిడ ముడి ఇలాగే ఉంటాది. మా ఆయన ఎక్కిరించేవోడు."

నాకు వలలు తెలియవు. కానీ చూపించాక నాకూ కనబడింది. ముడి అద్దంలో చూసినట్టు ఎదురు తిరిగి ఉంది. లెక్కపెట్టాను. పదిహేడు ముళ్లు.

తర్వాత నా బుర్ర ఊరుకోలేదు. కుడిచెయ్యి లాగేస్తే ఆయనే ఎడమచేత్తో అల్లి ఉంటాడనుకున్నాను. ఎడమచేత్తో గ్లాసు కూడా సరిగా పట్టలేని మనిషి, గుండె నొప్పిలో పదిహేడు ముళ్లు వరసగా వేశాడా? పోనీ, తప్పు చేసినవాణ్ణి కాబట్టి నా మనసే ఆ బొమ్మలు అల్లిందనుకుందాం. వదినకీ అవే ఎలా కనబడ్డాయి? చూసింది చూసినట్టు ఆవిణ్ణే ముందు చెప్పమన్నాను, నేను నోరు మెదపలేదు. కొంగుతో మొహం తుడవడం దగ్గర్నుంచి సూది తీసుకోవడం దాకా ఆవిడ వరసగా చెప్పింది. కొత్త కేబుల్‌కీ పాత రికార్డింగుకీ సంబంధం లేదు. ఇది నాకు నా పేరంత బాగా తెలుసు.

నెల తర్వాత ఒక మధ్యాహ్నం ఇంట్లో నా దగ్గరున్న కాపీ తెరిచాను. నాలుగో బొమ్మ అప్పటికి ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ఆ రోజెందుకో పెద్దది చేసి చూశాను. అన్నయ్య వెల్లకిలా పడుకుని ఉన్నాడు. కానీ తల నేలకి ఆనలేదు. జానెడు ఎత్తున ఉంది. కింద గోనెపట్టా లేదు, వల లేదు, ఏమీ లేదు. మెడ వాల్చి, దిండు మీద పెట్టినట్టు హాయిగా ఉంది.

కెమెరా కోణం వల్ల అలా కనబడుతోందేమో. కాదని నేను గట్టిగా చెప్పలేను.

ఈసారి రేపు అనుకోలేదు. అప్పటికప్పుడే బండి తీసి ఫరంపేట వెళ్లాను. వదిన అరుగు మీద చేపలు కడుగుతోంది. బొమ్మ చూపిస్తే చేతులు తుడుచుకుని ఫోన్ అందుకుంది. ఆ తల కిందున్న ఖాళీచోటు మీద వేలు పెట్టి చాలాసేపు ఉంచింది. ఏడవలేదు.

"నాకే ఆలీసమైపోయింది," అంది. "ఆవిడ టయానికే వొచ్చింది."

ఫోన్ నా చేతికిచ్చి మళ్లీ చేపల దగ్గర కూర్చుంది.