నల్లా కాదు, నాలా

2023 వానాకాలం ముగిసే నాటికి నేను వరంగల్‌లో, ఎనుమాముల వైపున్న ఒక వార్డులో కమ్యూనిటీ ఆర్గనైజర్‌గా పనిచేస్తున్నాను. నగరపాలక కార్యాలయం తలపెట్టిన పనిని బస్తీకి, బస్తీ మాటను కార్యాలయానికి చేరవేయడమే ఆ ఉద్యోగం. కళాశాల డిబేట్ పోటీలలో నేర్చుకున్నదే ఇక్కడా చాలుననుకున్నాను: రెండు పక్షాలు, ఒక తీర్మానం, ఒక గెలుపు.

మురుగునీరు ఇళ్లలోకి రావడంతో నాలాను, అంటే మురుగు కాలువను, వెడల్పు చేయాలని నిర్ణయించారు. దానికి ఒక ఒడ్డున రఘునాథపల్లి వంటి చోట్ల నుంచి మిరప యార్డు కూలికి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు. మరో ఒడ్డున ఉర్దూ మాట్లాడే దర్జీల ఇళ్లు. ప్లాను ప్రకారం తొలగించవలసిన కట్టడం ఒక్కటే: రాజవ్వ జొన్న రొట్టెలు కాల్చి అమ్ముకునే రేకుల షెడ్డు. ఆమెకు మరో ఆధారం లేదు. పనికి ముందు స్థానికుల అభ్యంతరాలు వినే సభ జరపాలి. దానిని పబ్లిక్ హియరింగ్ అంటారు.

ఆటో మైకులో చాటింపు వేయించాం. “నాలా పక్క కట్టడం తీసేస్తారు” అన్న మాట సందులు తిరిగేసరికి “నల్లా పక్క” అయింది. ఇక్కడ నల్లా అంటే కుళాయి. రెండు ఒడ్డులకూ నల్లా ఒక్కటే. దాని పక్కన బిందెలు పెట్టుకునే సిమెంటు గద్దె. సభ కిక్కిరిసింది.

యార్డు కూలీ సమ్మక్క ముందుగా లేచింది. “నల్లా కాడి గద్దె తీస్తమంటే ఊకుంటమా మేడం? ఆ ఒడ్డోళ్లే చెప్పి తీపిస్తాండ్లు.”

“మేమెందుకు తీపిస్తం చెల్లె? మేం తాగేది గా నీళ్లే గద,” అన్నాడు దర్జీ మహబూబ్. “మీరే తీపిస్తున్నరని ఇని మేమొచ్చినం.”

పోయేది నల్లా గద్దె కాదని, నాలా పక్కనున్న షెడ్డని ప్లాను చూపి వివరించాను.

“ఒక్క అక్షరానికి ఇంత లడాయి జేసినమా?” అన్నాడు మహబూబ్. అందరూ నవ్వారు. ఆ నవ్వులోనే వెనుక వరుస నుంచి రాజవ్వ అడిగింది.

“అయితే పోయేది నాదేనా బిడ్డా?”

ఆమె కూడా నల్లా కోసమే వచ్చింది.

గద్దె భద్రమని తేలింది కాబట్టి జనం లేచిపోతారనుకున్నాను. ఒక్కరూ కదల్లేదు.

“గద్దె మీద సగం జాగ రాజవ్వకిద్దాం,” అంది సమ్మక్క. “బిందెలు జర దగ్గర దగ్గర పెట్టుకుంటం.”

“పొయ్యి పొగ నీ బిందెలకే తగుల్తది మరి,” అన్నాడు మహబూబ్.

“నీ కుట్టు మిషన్ నూనె వాసన కంటె నయమే తియ్యి,” అంది సమ్మక్క.

ఏ గద్దెను కాపాడుకోవడానికి ఒకరి మీద ఒకరు మండిపడుతూ వచ్చారో, దానిలోనే సగం ఇచ్చేస్తున్నారు. ప్రశ్నించడం నా అలవాటు, అడగకుండా ఉండలేకపోయాను. “జాగా తగ్గితే రేపు మళ్లీ గొడవపడరా?”

“పడతం మేడం, పడకుంట ఎట్లుంటం?” అంది సమ్మక్క. “మేం కొట్లాడుకున్నా ఆమె పొయ్యి ఆడనే ఉంటది.”

వారి కోరికను నివేదించాను, కార్యాలయం ఆమోదించింది, షెడ్డు గద్దె మీదికి మారింది.

విభేదం తీరితేనే మనుషులు కలిసి బతకగలరని అప్పటిదాకా నమ్మాను. ఈ బస్తీ తన విభేదాలను తన దగ్గరే ఉంచుకుని, ఒక మనిషికి చోటిచ్చింది. అంత పెద్ద పనిని అంత మామూలుగా చేసిన సభను నేను మరొకటి చూడలేదు.